ఒక పక్కకు ఒరిగిన బండి

తెల్లవారుజామున మన పల్లెలనుండి పట్టణాలకు వచ్చే సరకులో చాలా భాగం నేడు చిన్న ట్రక్కులమీదనే వస్తున్నది. పాల క్యానులు, కూరగాయల బుట్టలు, అరటి గెలలు, మిరపకాయల బస్తాలు, ఇల్లు మారే సంసారుల మంచాలూ బీరువాలూ, అన్నిటికీ ఆ వాహనమే ఆధారం. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక పైకప్పు లేని తొట్టి. దీనికి పికప్ అని వాడుక పేరు. 2005వ సంవత్సరంలో టాటావారు ఏస్ అనే చిన్న బండిని విడుదల చేసిన తరువాత ఇటువంటి చిన్న సరకు బండ్లు ఊరూరా విస్తరించినవి. ఒక్క బండి సంపాదన మీద ఒక కుటుంబం నడిచే ఇళ్లు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నవి. బండి నిలిచిన రోజున బాడుగ ఉండదు. నెల వాయిదా మాత్రం ఆగదు.

ఇటువంటి బండికి వచ్చే జబ్బులలో ఒకదానిని గురించి నేడు ముచ్చటించుకుందాము. బండి ఒక పక్కకు ఒరుగుతుంది. వెనుకనుండి చూసేవారికి ఒక భుజం దిగిన మనిషివలె కనిపిస్తుంది. ఇంజను చక్కగా పలుకుతున్నది, బ్రేకు పడుతున్నది, బండి నడుస్తూనే ఉన్నది. కనుక చాలామంది దీనిని జబ్బుగా లెక్కించరు. లెక్కించినవారు కూడా కారణం తెలియకముందే చికిత్సకు పూనుకుంటారు. ఒకరు టైరు మార్పిస్తారు, ఒకరు షాక్ అబ్సార్బర్లు మార్పిస్తారు, మరొకరు దిగిన పక్కన అదనంగా ఒక పట్టీ వేయిస్తారు. డబ్బు ఖర్చవుతుంది, ఒరుగు మాత్రం మిగులుతుంది. ఒక కొలత టేపు, ఒక జాకీ, ఒక గంట ఓపిక ఉంటే ఈ జబ్బు ఎక్కడ ఉన్నదో చాలావరకు మనమే కనిపెట్టవచ్చును.

అసలు ఇంత పట్టించుకోవలసిన అవసరమేమిటని మీరు అడుగవచ్చును. ఒరుగు అనేది పైకి కనిపించే గుర్తు మాత్రమే. దాని వెనుక విరిగిన స్ప్రింగు పట్టీ ఉండవచ్చును. అది ప్రధానమైన పట్టీ అయితే ఏదో ఒక గోతిలో పూర్తిగా తెగి, వెనుక ఇరుసు ఒక కొసన తన చోటు వదలి జరిగిపోవచ్చును. అప్పుడు స్టీరింగు డ్రైవరు చేతిలో ఉన్నా బండి అతని చేతిలో ఉండదు. అంత దూరం పోకపోయినా, ఒక పక్కకు వంగి ఉన్న బండి నిండు బరువుతో మలుపు తిరిగేటప్పుడు అదే పక్కకు మరింత వంగుతుంది. నిలదొక్కుకునేందుకు ఉండవలసిన అవకాశంలో కొంత ముందే ఖర్చయిపోయి ఉంటుందన్నమాట. రాత్రివేళ దీపాల వెలుగు రోడ్డుమీద వంకరగా పడుతుంది. టైర్లు ఒక అంచున అరిగిపోతవి.

మన ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని తొట్టి దాదాపు నేరుగా ఇరుసుమీదనే కూర్చుంటుంది. అది ఒరిగిందంటే నేల పల్లమైనా కావలెను, చక్రమైనా చెడి ఉండవలెను. మోటారు బండి అట్లా కాదు. నేలమీద టైరు, దానిలో గాలి, ఆపైన ఇరుసు, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య స్ప్రింగులు, ఛాసిస్‌మీద రబ్బరు దిమ్మల ఆధారంతో గదీ తొట్టీ. దీనిని మూడంతస్తుల మేడగా భావించండి. నేలనుండి ఇరుసుదాకా మొదటి అంతస్తు, ఇరుసునుండి ఛాసిస్‌దాకా రెండవది, ఛాసిస్‌నుండి తొట్టిదాకా మూడవది. మేడ ఒరిగినప్పుడు ఏ అంతస్తులో గోడ కుంగిందో ముందు తెలుసుకొనవలెను.

కొలతకు ముందు నేల సంగతి చూడవలెను. రోడ్డుమీద నిలిపి కొలవడం పనికిరాదు. వాననీరు నిలవకుండా పారేందుకు రోడ్డును మధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. నూటికి రెండు పాళ్ల వాలు ఉన్నదనుకుందాము. కుడి ఎడమ చక్రాల నడుమ దూరం 150 సెంటీమీటర్లయితే, ఆ వాలువల్లనే ఒక చక్రం 3 సెంటీమీటర్లు దిగువన ఉంటుంది. ఏ జబ్బూ లేని బండి కూడా ఒరిగినట్లే కనిపిస్తుంది. కనుక సిమెంటు చేసిన చదునైన గచ్చును ఎన్నుకొనవలెను. తాపీమేస్త్రీల రసమట్టం గాని, నీరు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం గాని ఉంటే చక్రాలు నిలిచే చోట్లు సమమట్టంలో ఉన్నవో లేవో నిమిషంలో తెలుస్తుంది. అదీ దొరకకపోతే బండిని ఒకసారి కొలిచి, అదే చోట ముఖం అటునుండి ఇటు త్రిప్పి నిలిపి, మళ్లీ కొలవండి. మొదట ఎడమకు ఒరిగినది ఇప్పుడు కుడికి ఒరిగితే దోషం నేలది. రెండుసార్లూ ఎడమకే ఒరిగితే దోషం బండిది.

నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన ప్రకారం గాలి నింపించండి. ఒకే ఇరుసుమీది రెండు టైర్లు ఒకే కొలతవా, ఒకే మాదిరి అరిగినవా చూడండి. తొట్టి ఖాళీ చెయ్యండి. సీటు వెనుక దాచిన గొలుసులు, తాళ్లు, పనిముట్ల పెట్టె కూడా తీసివెయ్యండి. తరువాత బండిని కొంచెం ముందుకూ వెనుకకూ నడిపి, తొట్టి వెనుక అంచు పట్టుకుని నాలుగైదు సార్లు ఊపి వదలండి. పట్టీల స్ప్రింగులలో ఒక పట్టీకీ మరొక పట్టీకీ మధ్య రాపిడి ఉంటుంది. ఊపకపోతే అవి తమ నిజమైన ఎత్తుకు వచ్చి నిలువవు.

ఇక కొలతలు. మొదటిది, నేలనుండి చక్రం నడిబొడ్డుదాకా. ఇందులో కుడి ఎడమలకు తేడా ఉంటే దోషం టైరులోనో గాలిలోనో ఉన్నది. స్ప్రింగుల జోలికి పోనక్కరలేదు. రెండవది, వెనుకవైపున ఇరుసు పైభాగంనుండి ఛాసిస్ దూలం అడుగుదాకా. ముందువైపున చక్రం నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచుదాకా. ఇక్కడ తేడా వస్తే స్ప్రింగుల సంగతి గాని, బరువు సంగతి గాని ఆలోచించవలెను. మడ్‌గార్డు ఎప్పుడైనా దెబ్బ తిని సరిచేయబడినదైతే దానిని నమ్మరాదు; ఛాసిస్‌మీద రెండు వైపులా సరిసమానమైన గుర్తు ఏదైనా ఎన్నుకోండి. మూడవది, ఛాసిస్ దూలంనుండి తొట్టి నేలదాకా. మొదటి రెండూ సమంగా ఉండి ఇక్కడ మాత్రమే తేడా కనిపిస్తే, రబ్బరు దిమ్మలు నలిగి ఉండవచ్చును, బోల్టు వదులై ఉండవచ్చును, లేదా తొట్టి కట్టించినప్పుడే వంకర వచ్చి ఉండవచ్చును. ఒక సెంటీమీటరు లోపు తేడాకు కంగారు పడనక్కరలేదు. రెండు సెంటీమీటర్లు దాటితే మాత్రం కారణం వెదకవలెను.

తేడా రెండవ అంతస్తులో ఉన్నదనుకుందాము. అప్పుడు వచ్చే ప్రశ్న: స్ప్రింగు బలహీనమైనదా, లేక బరువే ఒక పక్కన ఉన్నదా? మన దేశంలో డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. డీజెలు ట్యాంకు, బ్యాటరీ, అదనపు చక్రం ఏదో ఒక వైపున ఉండవచ్చును. 60 లీటర్ల డీజెలు సుమారు 50 కిలోలు తూగుతుంది. ఇవన్నీ ఒకే పక్కన కూడితే బండి కొంత దిగడం సహజమే. దీనిని తేల్చడానికి ఊళ్లోని లారీ కాటా చాలును. ముందు ఎడమ చక్రాలు రెండూ కాటామీద, కుడి చక్రాలు బయట ఉండేటట్లు నిలిపి తూచండి. తరువాత కుడివైపు తూచండి. కాటా పలకా దాని పక్క నేలా ఒకే మట్టంలో ఉన్న చోటనే ఈ పని చెయ్యవలెను. ఏ పక్కన ఎంత బరువు పడుతున్నదనేది బరువు ఉన్న చోటునుబట్టి నిర్ణయమవుతుంది; స్ప్రింగులు మెత్తనైనా గట్టివైనా ఆ మొత్తం దాదాపు మారదు. కనుక రెండు పక్కలా సమానంగా తూగి కూడా బండి ఒరిగి ఉన్నదంటే, నేరం స్ప్రింగులదే. దిగిన పక్క స్పష్టంగా ఎక్కువ తూగితే, ముందు బరువును సర్దుకోవలెను.

స్ప్రింగులదే అని తేలిన తరువాత మరొక చిక్కు ఉన్నది. ముందు స్ప్రింగు ఒకటి కుంగితే ఛాసిస్ మొత్తం వాలి, వెనుక భాగం కూడా అటే దిగినట్లు కనిపిస్తుంది. వెనుక ఒరిగిందని వెనుక పట్టీలు మార్పించి, తీరా చూస్తే దోషం ముందు ఉన్నదని తెలుసుకున్నవారు ఉన్నారు. ముందా, వెనుకా అన్నది తేల్చడానికి మూడుకాళ్ల పీటను జ్ఞాపకం చేసుకోండి. నాలుగు కాళ్ల బల్ల ఒక కాలు పొట్టిదైతే ఊగుతుంది. ఏ కాలు పొట్టిదో చెప్పడం కష్టం. మూడుకాళ్ల పీట ఎక్కడ వేసినా నిలుస్తుంది. మన బండిని కూడా కాసేపు మూడుకాళ్ల పీటగా మార్చవచ్చును. వెనుక ఇరుసు నడిమధ్య గుండ్రంగా ఉబ్బిన భాగం ఉన్నది చూశారా, దానిని డిఫరెన్షియల్ అంటారు. సరిగ్గా మధ్యన దాని అడుగున జాకీ పెట్టి, వెనుక చక్రాలు రెండూ నేలనుండి కొద్దిగా లేచేదాకా ఎత్తండి. ఇప్పుడు వెనుక భాగమంతా ఒకే బిందువుమీద నిలిచింది. అది ఏ పక్కకూ బండిని వంచలేదు, వంగకుండా ఆపనూ లేదు. ఒరుగు మాయమైతే దోషం వెనుక స్ప్రింగులలో ఉన్నది. అట్లాగే నిలిచి ఉంటే దోషం ముందున్నది. సగం తగ్గి సగం మిగిలితే రెండు చోట్లా పాలు ఉన్నది.

ఈ పని చేసేటప్పుడు ఒక హెచ్చరిక తప్పనిసరి. హ్యాండ్‌బ్రేకు సాధారణంగా వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. వెనుక చక్రాలు గాలిలో ఉన్నప్పుడు అది బండిని ఆపలేదు. కనుక ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మలు అడ్డుపెట్టనిదే జాకీ ముట్టుకోరాదు. ఇరుసు రెండు కొసల క్రింద, కొంచెం దిగువగా, ఇనుప స్టాండులు నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి క్రిందకు దూరరాదు. ఇటుకలూ రాళ్లూ పేర్చి వాటిని నమ్మి అసలే దూరరాదు.

దోషం వెనుకనే అనుకుందాము. వెనుక స్ప్రింగు అనేది ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. వంపు తిరిగి విల్లువలె ఉంటుంది గనుక మన లారీలవారు దానిని కమాను అంటారు. కమాను చెడడం రెండు విధాలు. చాలా కాలం మోసి మోసి, మోయరానిది మోసి, దాని వంపు శాశ్వతంగా తగ్గిపోవడం ఒకటి. పట్టీ విరగడం రెండవది. పైకి రెండూ ఒకే విధంగా, బండి దిగినట్లే కనిపిస్తవి. కాని వీటిని వేరుచేసే ఒక సులువైన ఉపాయం ఉన్నది. స్ప్రింగు ఎంత సాగునో బలమూ అంతే అనే సూత్రాన్ని 1678లో రాబర్టు హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆ సూత్రమే ఇక్కడ మనకు అక్కరకు వస్తుంది.

ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాము. సమానమైన మందం గల అయిదు పట్టీలున్న కమాను ప్రతి 100 కిలోలకు 1 సెంటీమీటరు దిగుతుందనుకోండి. అందులో ఒక పట్టీ పనికిరాకుండా పోతే బలం అయిదింట నాలుగు పాళ్లవుతుంది. ఖాళీ బండిలో ఒక్కొక్క కమానుమీద 200 కిలోలు పడినప్పుడు మంచి కమాను 2 సెంటీమీటర్లు, విరిగినది రెండున్నర సెంటీమీటర్లు దిగుతవి. తేడా అర సెంటీమీటరే, కంటికి ఆనదు. అదే కమానుమీద 800 కిలోలు పడితే మంచిది 8, విరిగినది 10 సెంటీమీటర్లు దిగుతవి. ఇప్పుడు తేడా 2 సెంటీమీటర్లు. ముందు స్ప్రింగులు పంచుకోవడంవల్ల నిజమైన బండిలో తేడా ఇంతకంటె కొంత తక్కువగా కనిపించవచ్చును. వంపు మాత్రమే తగ్గిన కమాను సంగతి వేరు. దాని బలం తగ్గలేదు. మొదలే దిగువన నిలిచింది. ఖాళీగా ఉన్నప్పుడు 2 సెంటీమీటర్ల తేడా ఉంటే, బరువు వేసిన తరువాత కూడా సుమారు అంతే ఉంటుంది. కనుక బండిని ఖాళీగా ఒకసారి కొలిచి, బస్తాలను తొట్టికి నడిమధ్యగా, రెండు పక్కలకూ సమంగా పేర్చి మరొకసారి కొలవండి. తేడా పెరిగితే పట్టీ విరిగిందని, తేడా అట్లాగే ఉంటే వంపు పోయిందని అనుకోవచ్చును.

ఆ తరువాత కంటితో వెదకండి. మట్టి కడిగి, దీపం పట్టి చూడండి. పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే కట్ట మధ్యలో ఆడడం మొదలవుతుంది. మధ్యన సెంటర్ బోల్టుకోసం చేసిన రంధ్రం దగ్గర పట్టీకి బలం ముందే తక్కువ. పగులు తరచు అక్కడనే పుడుతుంది. వెంట్రుకవంటి గీత వెంట తుప్పు రంగు మరక కనిపిస్తే అది పగులని అనుమానించవలెను. సెంటర్ బోల్టే తెగితే ఇరుసు ఒక పక్కన వెనుకకు జరుగుతుంది. అటువంటి బండి తిన్నగా పోతున్నా, వెనుకనుండి చూసేవారికి ఏటవాలుగా పోతున్నట్లు కనిపిస్తుంది. కమాను వెనుక కొసను పట్టి ఊగే షాకిల్, అందులోని బుష్షులు, కమానును ఛాసిస్‌కు తగిలించే బ్రాకెట్టు, వీటిని కూడా చూడండి. ఉప్పుగాలి తగిలే సముద్రతీరపు ఊళ్లలో తుప్పువల్ల ఈ బ్రాకెట్టే బలహీనపడవచ్చును.

ముందువైపు దోషమైతే బండి నిర్మాణాన్నిబట్టి చూడవలెను. కొన్నిటికి ముందు కూడా కమానులే. కొన్నిటికి చుట్టల స్ప్రింగులు. వాటి అడుగు చుట్ట విరిగి తన గిన్నెలోనే దాగి ఉండవచ్చును. మరికొన్నిటికి టార్షన్ బార్లు, అంటే మెలికపడుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు. వీటి కొసన ఎత్తు సవరించే బోల్టు ఉంటుంది. కుడి ఎడమల బోల్టులు ఎప్పుడో అసమంగా త్రిప్పబడి ఉంటే సరిచేయడంతోనే ఒరుగు పోవచ్చును. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు మళ్లీ చూపించవలెను. రెండు పక్కలనూ కలిపే యాంటీరోల్ బార్ ఉన్న బండిలో దాని లింకు ఒకటి వంగినా ఒరుగు రావచ్చును. లింకులు విప్పి చూస్తే తెలిసిపోతుంది.

షాక్ అబ్సార్బర్లను గురించి ఒక్క మాట. వీటిలో నూనె ఉంటుంది. ఊపును అణచడం వీటి పని. బండిని ఎత్తి నిలపడం వీటి పని కాదు. నూనె కారిన షాక్ అబ్సార్బరును మార్చవలసిందే. కాని దానివల్ల ఒరుగు పోతుందని ఎవరైనా అంటే, ఖర్చు పెట్టేముందు పైన చెప్పిన కొలతలు మరొకసారి తీయించండి.

ఇక చికిత్స. విరిగిన పట్టీకి వెల్డింగు పనికిరాదు. ఆ వేడికి అతుకు పక్కనున్న ఉక్కు గుణం మారిపోయి, అక్కడే మళ్లీ విరుగుతుంది. వంపు పోయిన పట్టీలను కొలిమిలో కాల్చి వంచి వెంటనే వాడడం కూడా ప్రమాదమే. కమాను ఉక్కుకు పాయనం ప్రాణం. సుమారు 850 డిగ్రీల వేడికి తెచ్చి, నూనెలో చల్లార్చి, తిరిగి 450, 500 డిగ్రీల ప్రాంతంలో కాచితేనే దానికి వంగి తిరిగి లేచే గుణం నిలుస్తుంది. ఈ ఏర్పాటు ఉన్న చోటనే ఆ పని చేయించవలెను. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కమాను పనియే వృత్తిగా గలవారు ఉన్నారు. పాయనం ఎట్లా పెడుతున్నారని అడగడంలో తప్పు లేదు.

దిగిన పక్కన మాత్రం కాస్త మందమైన పట్టీ వేస్తే సరిపోతుందనే ఆలోచన చాలామందికి వస్తుంది. పట్టీ బలం దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి 9 మిల్లీమీటర్లది వేస్తే మందం పెరిగినది ఎనిమిదింట ఒక వంతే. ఆ పట్టీ బలం మాత్రం నూటికి 42 పాళ్లు పెరుగుతుంది. ఖాళీగా సమంగా నిలిచిన బండి బరువు వేయగానే రెండవ పక్కకు ఒరుగుతుంది. అందువల్ల కమానులను రెండు పక్కలా ఒకే సారి, ఒకే రకానివి మార్చడం మేలు. యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత తిరిగి బిగింపించవలెను. చాలా బండ్లలో బరువునుబట్టి వెనుక బ్రేకును సవరించే కవాటం ఒకటి ఇరుసుకు తగిలించి ఉంటుంది. కమాను ఎత్తు మారితే దాని అమరిక కూడా మారుతుంది. దానిని చూపించకుండా బండిని షెడ్డునుండి తీసుకురావద్దు.

ఇల్లాళ్లకు, పెద్దలకు ఒక మనవి. మిరప కోతలకూ, పత్తి ఏరడానికీ, పెళ్లిళ్లకూ మనుషులను ఈ సరకు బండ్లలో నిలబెట్టి తీసుకుపోవడం మనం చూస్తూనే ఉన్నాము. చట్టం దీనిని అనుమతించదు. బస్తా వేసిన చోటనే ఉంటుంది. మనుషులు మలుపులో అందరూ ఒక్కసారిగా ఒక పక్కకు తూలుతారు. కమాను ముందే కుంగిన పక్కకు ఆ తూలు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మీ ఇంటివారు ఆ తొట్టిలోకి ఎక్కబోతే ఆపండి.

బండి కొత్తగా ఇంటికి వచ్చిన రోజుననే, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నాలుగు మూలల కొలతలు తీసి సర్వీసు పుస్తకం చివరి అట్టమీద వ్రాసిపెట్టుకోండి. ఆరు నెలలకు ఒకసారి అదే గచ్చుమీద నిలిపి మళ్లీ కొలవండి. ఏ మూల ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో ఆ అంకెలే చెప్పగలవు. మెకానిక్ దగ్గరకు పోయినప్పుడు "బండి ఒరుగుతున్నదయ్యా" అని ఊరుకోక, "వెనుక ఎడమ మూల రెండు సెంటీమీటర్లు దిగింది, బరువు వేస్తే మూడున్నర అవుతున్నది" అని చెప్పండి. ఎక్కడ వెదకవలెనో అతనికి అప్పుడే తెలిసిపోతుంది.